కుర్చీ వేసి మరీ నేర్పే యోగా సెంటర్

2025 జూన్ 21న, యోగా దినోత్సవం రోజు ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దారి పొడవునా జనం బారులు తీరి ఆసనాలు వేసిన ఊరు విశాఖ. యోగా బోర్డులకు ఇక్కడ కొదవ లేదు. ప్రతి బోర్డు మీదా ‘అన్ని వయసుల వారికీ’ అనే రాసి ఉంటుంది. లోపలికి వెళ్తే మాత్రం పాతికేళ్ల ఒంటికి సరిపోయే క్లాసే అందరికీ నడుస్తుంటుంది, మోకాలు వంగనివాళ్లు వెనక వరసలో కూర్చుని చూస్తుంటారు. ఎంవీపీ కాలనీ వైపు ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉన్న ఈ సెంటర్‌లో ఆ బోర్డు మాట నిజమే.

మొదటి రోజు డబ్బు అడగరు. ఒక కాగితం ఇస్తారు: బీపీ, షుగర్ (మాత్రలా, ఇన్సులినా), హెర్నియా, డిస్క్ సమస్య, మోకీలు మార్పిడి, గ్లాకోమా, కళ్లు తిరగడం, గర్భం, ఈ మధ్య జరిగిన ఆపరేషన్లు. ఇలాంటి కాగితం చాలాచోట్ల ఉంటుంది, నింపాక బీరువాలో పడుంటుంది. ఇక్కడ అందులోని సంగతులు టీచర్ రిజిస్టర్‌లోకి ఎక్కుతాయి. ఆ రిజిస్టర్ క్లాసు జరుగుతున్నంతసేపూ పక్కనే ఉంటుంది. అందుకే పాదహస్తాసనం దగ్గర ‘పిన్నిగారూ, మీరు తల దించొద్దు, గోడకి చేతులానించి సగం వంగితే చాలు’ అన్న మాట వినపడుతుంది. గ్లాకోమా ఉన్నవాళ్లు తల కిందికి వేలాడదీస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది మరి. హెర్నియా ఉన్నవాళ్లకు పొట్ట కుదిపి ఊపిరి వదిలే కపాలభాతీ లేదు, రెండు కాళ్లూ కలిపి ఎత్తడమూ లేదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు పొద్దున్నే ఖాళీ కడుపుతో వస్తే షుగర్ పడిపోవచ్చని ముందే హెచ్చరిస్తారు. గ్లూకోజ్ డబ్బా హాల్లోనే ఉంచుతారు.

హాలు 20 అడుగులకు 30 అడుగులు. 14 మ్యాట్‌లు పరుస్తారు. గోడ వారగా వెనక పట్టీ తీసేసిన ఇనప మడత కుర్చీలు, చెక్క ఇటుకలు, నూలు బెల్టులు, దళసరి దుప్పట్లు పేర్చి ఉంటాయి. ఈ సరంజామాను యోగాలోకి పద్ధతిగా తెచ్చినవారు పుణెలో నేర్పిన బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014). ఇటుకలు చెక్కవి కావడం మంచిది. ఫోమ్ ఇటుక తేలిగ్గా, ముద్దుగా ఉంటుంది గానీ బరువు పడగానే కుంగుతుంది, చెయ్యి వణుకుతుంది. ‘ముసలివాళ్లకి కదా ఇవన్నీ’ అనుకునే కుర్రాళ్లు రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని తొడ వెనక కండరాలు బిగుసుకుపోయి వస్తారు. మొదటి వారం ఇటుక ఎక్కువగా అవసరమయ్యేది వాళ్లకే.

ఈ సెంటర్ పనితనం చూడాలంటే మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనం దగ్గర చూడాలి. బయట క్లాసుల్లో ‘కూర్చోండి, అలవాటవుతుంది’ అంటారు. తొడ ముందు కండరం బిగుసుకున్నవాళ్లకు పిరుదులు మడమల దాకా దిగవు. మధ్యలో ఆగిపోయిన బరువంతా మోకాలి మీద పడుతుంది. పాదం పైభాగం సాగనివాళ్లకైతే చీలమండ ముందు చురుక్కుమంటుంది. రెండూ వేర్వేరు నొప్పులు, రెండిటికీ ఒకే మందు పనిచేయదు. ఇక్కడ ముందు నొప్పి ఎక్కడో వేలితో చూపించమంటారు. మోకాలంటే, మడతపెట్టిన దుప్పటి పిరుదులకూ మడమలకూ మధ్య పెడతారు. చాలకపోతే ఇంకో మడత. చీలమండ అంటే చుట్టిన తువ్వాలు దాని కింద పెడతారు. అయినా నొప్పి తగ్గకపోతే కుర్చీ. మోకీలు మార్పిడి అయినవాళ్లను నేరుగా కుర్చీలోనే కూర్చోబెడతారు, వజ్రాసనం ఊసే ఎత్తరు. కుర్చీలో కూర్చున్నవాళ్లకు నడుం పక్కకి తిప్పే వక్రాసనం, మెడ కదలికలు, ప్రాణాయామం అన్నీ ఉంటాయి. కుర్చీ మొదటి వరసలో వేస్తారు, మూలన కాదు. చిన్న విషయమే. కానీ మూలన వేసిన కుర్చీలోని మనిషి వారం తిరక్కుండానే మానేస్తారు.

నిలబడి పక్కకి వంగే త్రికోణాసనంలోనూ ఇదే పట్టింపు. కాళ్ల మధ్య మూడు, మూడున్నర అడుగులు. కుడి పాదం పూర్తిగా పక్కకి, ఎడమ పాదం కొంచెం లోపలికి. చెయ్యి నేలకి తగలాలన్న పంతంతో వంగితే పిరుదు వెనక్కి పోతుంది, ఛాతీ నేలకేసి తిరుగుతుంది, ఆసనం పేరుకే మిగులుతుంది. అందుకే పాదం బయటివైపు ఇటుక నిలువుగా పెట్టిస్తారు. అది కూడా అందనివాళ్లు కుర్చీ మీద చెయ్యి ఆనిస్తారు. ‘బాబాయ్‌గారూ, మోకాలి చిప్ప పైకి లాగి పట్టండి, మోకాల్ని వెనక్కి నెట్టకండి’ అన్నది ఇక్కడ రోజుకు పదిసార్లు వినపడే మాట.

బోర్లా పడుకుని ఛాతీ పైకి లేపే భుజంగాసనంలో అరచేతులు ముందుకు పెట్టి నెట్టేయడం మామూలు తప్పు. అప్పుడు భుజాలు చెవుల దాకా లేస్తాయి, వంపంతా నడుం కింది భాగంలోనే పడుతుంది. ఇక్కడ చేతులు నేల నుంచి ఒక అంగుళం లేపి, వీపు బలంతో ఎంత లేస్తే అంతే ఎత్తు అంటారు. సూర్య నమస్కారాలు మొదటి వారం నేర్పరు, రెండో వారం నాలుగు ఆవృత్తులతో మొదలుపెడతారు. మణికట్టు నొప్పి అన్నవాళ్ల వేళ్లు విడదీయించి, బరువు మణికట్టు దగ్గరి అరచేతి భాగం మీంచి వేళ్ల మొదళ్లకు జరిపిస్తారు. చాలామందికి ఆ ఒక్క సర్దుబాటు సరిపోతుంది.

వరస దాదాపుగా కేంద్ర ఆయుష్ శాఖవారు రూపొందించిన ఉమ్మడి యోగా క్రమం, కామన్ యోగా ప్రోటోకాల్‌దే: కీళ్ల కదలికలు, నిలబడి చేసేవి, కూర్చుని చేసేవి, బోర్లా, వెల్లకిలా, తర్వాత శ్వాస. ప్రోటోకాల్ 45 నిమిషాలు, ఇక్కడ గంట. ఆ అదనపు పావుగంట దుప్పట్లు, ఇటుకలు సర్దుకోవడానికీ, 8 నిమిషాల శవాసనానికీ పోతుంది. పోయినా నష్టం లేదు. నేర్పే ఇద్దరికీ యోగా సర్టిఫికేషన్ బోర్డు పత్రాలున్నాయి, గోడకే తగిలించారు. ఒకరిది ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్, ఇంకొకరిది దానికి పైమెట్టు వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్. సూచనలన్నీ తెలుగులోనే. ‘గాలి తీసుకుంటూ లేవండి, వదులుతూ దిగండి’ అంటే అర్థం కానివాళ్లెవరూ ఉండరు.

లోపాలు లేకపోలేదు. కపాలభాతి అంకెలు లెక్కపెడుతూ చేయిస్తారు. అంకె వేగం పెరిగేకొద్దీ కొత్తవాళ్లు పొట్టకు బదులు భుజాలు కుదిపేస్తుంటారు. ఇందులో వదలడమే మన పని, తీసుకోవడం దానంతటదే జరగాలి. లెక్క మానేసి ఒక్కో ఊపిరికి ఒక్కో చప్పట్టు కొట్టి నెమ్మదిగా నడిపిస్తే ఈ తప్పు సగం పోతుంది. అదే టీచర్లు, ముక్కు రంధ్రాలు మార్చి మార్చి గాలి పీల్చే నాడీశోధనం మాత్రం చక్కగా చెప్తారు: బొటనవేలు కుడి ముక్కుకి, ఉంగరపు వేలు ఎడమకి, ఎడమతో మొదలై ఎడమతోనే ముగిస్తే ఒక ఆవృత్తి. అలా ఐదు.

రెండోది, శనివారం రద్దీ. 14 మ్యాట్‌ల చోట 20 పరుస్తారు. చేతులు చాస్తే పక్కవాళ్ల చెవికి తగులుతాయి, టీచర్ మీ దాకా రాలేరు. శనివారం మానేసి మిగతా రోజులు వెళ్లడమే మేలు.

మూడోది మ్యాట్‌లు. సెంటర్ ఇచ్చేవి నున్నటి పీవీసీవి. ఈ ఊరి ఉక్కపోతకు పది నిమిషాల్లో అరచేతులు జారతాయి, చేతులూ పాదాలూ నేలకి ఆనించి పిరుదులు పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో చేతులు ముందుకు పోతుంటే ఆ భయంతో భుజాలు బిగుస్తాయి. పైన పల్చటి నూలు జంపఖానా పరుచుకుంటే చెమట పీల్చేస్తుంది, పట్టు దొరుకుతుంది. మరీ దళసరి మ్యాట్ కొనుక్కుని తీసుకెళ్లకండి. మెత్తదనం ఎక్కువైతే ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో పాదం నిలవదు. 4 నుంచి 6 మిల్లీమీటర్లు చాలు.

శవాసనం వేళకి కింద టిఫిన్ సెంటర్లోంచి పెసరట్టు వాసన పైకి వస్తుంది. దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

నెలకు 1,200 రూపాయలు, మూడు నెలలు కలిపి కడితే 3,000. బ్యాచ్‌లు ఉదయం 5:30, 6:45, 10, సాయంత్రం 6:30. ఆఫీసులకు వెళ్లేవాళ్లు 6:45 బ్యాచ్‌కొచ్చి శవాసనం కాకుండానే లేచి పరిగెడుతుంటారు. తొందరుంటే 5:30కే రావాలి. సాయంత్రం బ్యాచ్ పెట్టుకుంటే మధ్యాహ్నం భోజనం రెండింటికల్లా ముగించండి, ఐదింటికి బజ్జీలు తిని వస్తే ముందుకు వంగే ప్రతి ఆసనంలోనూ పుల్లటి తేన్పులే. మోకాళ్లు, నడుం ఇబ్బంది ఉన్నవాళ్లకు 10 గంటలది సరైనది, అందులో ఎనిమిది మందికి మించరు. చెమట పట్టేలా వేగంగా చేయాలనుకునేవాళ్లకు ఈ సెంటర్ నచ్చదు. లిఫ్ట్ ఉంది, కరెంటు పోతే పనిచేయదు. మెట్లెక్కలేనివాళ్లు బయల్దేరే ముందు ఒక ఫోన్ చేసి కనుక్కోవాలి.