ఆదివారం కూడా పొయ్యి వెలిగే మెస్ (గుంటూరు, పెద్దాసుపత్రి దగ్గర)

ముందే చెప్తున్నా, గుత్తి వంకాయ కోసమైతే ఆదివారం వెళ్ళకండి. ఆ రోజు పప్పు, ఒక వేపుడు, పుదీనా పచ్చడి, జీలకర్ర చారు, మజ్జిగ, అంతే. భోజనం 70 రూపాయలు, అన్నం మళ్ళీ అడిగితే విసుక్కోరు. బోర్డు లేదు. పిన్ని మెస్ అని జీజీహెచ్ (అదే, పెద్దాసుపత్రి) వెనక ఎవర్ని అడిగినా చూపిస్తారు.

చారు మాత్రం అమోఘం. జీలకర్ర, మిరియాలు అప్పటికప్పుడు దంచి వేస్తుంది, ఆ వాసన సందు మొదట్లోకే వచ్చేస్తుంది. పచ్చడి మన గుంటూరు పచ్చడే, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగి మజ్జిగ పోసుకోవాల్సి వచ్చింది.

మా మామయ్యని ఆసుపత్రిలో చేర్పించిన ఆదివారం మొదటిసారి వెళ్ళా. పిన్ని అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది, తెల్ల చీర కొంగు నడుముకి దోపి గరిటె తిప్పుతోంది, కిటికీలో బైబిలు, దాని మీద కళ్ళజోడు. నాకు వింతగా అనిపించింది, ఎందుకంటే మా ఇంట్లో ఆదివారం విశ్రాంతి దినమని పొయ్యి వెలిగిస్తేనే పాపం, శనివారం వండిన అన్నమే తినాలి, పెరుగు ప్యాకెట్ కూడా కొనకూడదు. పక్కింటి గృహప్రవేశంలో ప్రసాదం పులిహోర తిన్నారని మా నాన్నని అప్పటి మా చర్చి సంఘంవాళ్ళు మూడు నెలలు ప్రభువు బల్లకి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారానికి, దూరం పెట్టారు. రొట్టె పళ్ళెం తనని దాటి వెళ్తుంటే ఆయన పాటల పుస్తకంలోకి చూస్తూ కూర్చునేవారు. అప్పట్నుంచీ చర్చి అంటే నాకు టెన్షనే.

అందుకే ఉండబట్టలేక అడిగేశా, ఆదివారం వ్యాపారం చేస్తే మీవాళ్ళు ఏమీ అనరా పిన్నీ అని.

"ఎందుకనరు బాబూ! ఆసుపత్రికి ఆదివారం సెలవిప్పించండి అయ్యగారూ, నేనూ పొయ్యి ఆర్పేస్తానన్నా."

పాస్టరు గారు నవ్వేసి తర్వాతి వారం తనే వచ్చి తిన్నారట. సంఘపెద్ద ఒకాయన మాత్రం ఇంకా మాట్లాడట్లేదట. "పుదీనాలో, జీలకర్రలో కూడా పదోవంతు లెక్కగట్టి ఇచ్చి, కనికరం మర్చిపోయారని ఆ కాలపు మతపెద్దల్ని యేసు ప్రభువు తిట్టలేదా? ఆ రెండూ నేను రోజూ వాడతా కదా, గుర్తుండిపోయింది," అంది.

పిన్ని పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలోనేనట. ఆ ఆసుపత్రి పెట్టిన అమెరికా డాక్టరమ్మ అన్నా కుగ్లర్‌ని కూడా 1883లో మిషన్‌వాళ్ళు డాక్టరుగా పంపలేదు, మామూలు మిషనరీగానే పంపారు, ఆవిడ మాత్రం వైద్యం మానలేదు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గారు వచ్చిన దగ్గర్నుంచీ ఇది లూథరన్ల ఊరు. రక్షణ దొరికేది మనం చేసే క్రియల వల్ల కాదు, దేవుడి కృప వల్లే అన్న లూథర్ పేరు చెప్పుకుంటూనే ఎవరు ఏం తిన్నారో లెక్కలు రాసుకుంటాం మనం, సరే వదిలేయండి.

నేను తింటుండగానే నుదుటన విభూతి పెట్టుకున్న ఓ పెద్దాయన స్టీలు క్యారేజీతో వచ్చాడు, మాచర్ల వైపు మనిషి, భార్యకి ఆపరేషన్, కారం తగలకూడదన్నారట. పిన్ని వెనక నుంచి చిన్న గిన్నె తెచ్చింది, అలాంటి వాళ్ళకోసం చప్పిడి పప్పు వేరే వండుతుందట. ఆయన పంచె మడతలోంచి తీసి లెక్కపెట్టిన డబ్బుల్లో ఒక ఇరవై తీసుకుని, మిగతాది ఆటోకి ఉంచుకోమని వెనక్కి నెట్టింది. కరపత్రం ఇవ్వలేదు, చర్చికి రమ్మనలేదు. క్యారేజీ మూత గట్టిగా పట్టిందో లేదో రెండుసార్లు నొక్కి చూసి చేతికిచ్చింది.

లోపాలూ ఉన్నాయి. చెయ్యి కడుక్కోవడానికి ఒకటే కుళాయి, ఫోన్‌పే సగంసార్లు పనిచేయదు, బండి పెట్టే చోటు లేదు, రెండు దాటితే అన్నం అయిపోతుంది. చపాతీలు అట్టముక్కలే, వాటి జోలికి పోవద్దు. అయిదుకి నాలుగు ఇస్తున్నా, ఆ ఒకటి చపాతీలకే కోశా.

పార్సిల్ కావాలంటే గిన్నె మీరే తెచ్చుకోండి. సోమవారం మూసి ఉంటుంది, పిన్ని విశ్రాంతి దినం అదేనట.