వెన్నెల పసుపెక్కిన పాత చిత్రం: వార్నిష్ తీయించడం మేలా, ఉంచడం మేలా?

సముద్రపు ఒడ్డున ఓ పాత కోట, నీళ్ళలోకి దిగే మెట్లు, పైన నిండు చంద్రుడు. వందేళ్ళు దాటిన ఇలాంటి ఆయిల్ స్టడీల్లో, అంటే నూనె రంగులతో వేసుకున్న అభ్యాస చిత్రాల్లో, తరచూ ఒకటే జబ్బు కనిపిస్తుంది. పిండారబోసినట్టు ఉండాల్సిన వెన్నెల టీ మరకలా తయారవుతుంది. బొమ్మ మీద రక్షణగా పూసే, డామర్, మాస్టిక్ లాంటి చెట్టు బంకలతో చేసిన పారదర్శకమైన పూత, అంటే వార్నిష్, ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. కింద నీలం, పైన పసుపు, దాంతో ఆకాశం ఆకుపచ్చగా మారుతుంది.

ఉంచమనేవాళ్ళ మాటలో బలముంది. స్టడీ అంటే చకచకా, చాలాచోట్ల పలచగా వేసేది. నీటిమీది తళుకు ఒక్క పొర రంగే అయ్యుండొచ్చు. వార్నిష్‌ను కరిగించే ద్రావకం కాస్త ఘాటెక్కువైతే వార్నిష్‌తో పాటు ఆ తళుకూ దూదికి అంటుకుని వచ్చేస్తుంది. వార్నిష్ మళ్ళీ పూయొచ్చు, పోయిన రంగును తిరిగి తేలేం. ఆ బంగారు ఛాయే పాతదనానికి అందం అనేవాళ్ళతో మాత్రం నేను ఏకీభవించను.

నా మొగ్గు తీయించడం వైపే. పగటి దృశ్యం పసుపెక్కినా సాయంకాలం అనుకుని చూడగలం. వెన్నెల చిత్రం ప్రాణమంతా చల్లని వెలుగుకీ వెచ్చని వెలుగుకీ ఉన్న తేడాలోనే ఉంది. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ జోసెఫ్ వెర్నే వేసిన వెన్నెల రేవుల్లో ఒడ్డున నెగడు మండుతుంటుంది. దాని ఎరుపు పక్కన చంద్రుడు ఎంత తెల్లగా కనిపిస్తాడో! పసుపు పొర కమ్మితే ఆ మంటా, చంద్రుడూ ఒకే రంగులోకి దిగిపోతాయి. రెంబ్రాంట్ 1642 నాటి పగటి దృశ్యానికి ‘నైట్ వాచ్’ అన్న పేరు రావడానికి కూడా నల్లబడిన వార్నిష్షే కారణం.

అయితే తప్పు అన్నిసార్లూ వార్నిష్‌ది కాదు. రష్యాలో చిత్రకారుడు కుయింజీ 1880లో వేసిన ద్నీపర్ నది వెన్నెల చిత్రంలో రంగులే నల్లబడ్డాయి. అలాంటిదాన్ని ఎంత తుడిచినా లాభం లేదు. అందుకే ముందు అతినీలలోహిత దీపం కింద చూడాలి. పాత బంక వార్నిష్ పసుపు కలిసిన ఆకుపచ్చగా మెరుస్తుంది, తర్వాత ఎవరో దిద్దిన చోట్లు నల్లమచ్చల్లా తేలతాయి.

ఇంట్లో సబ్బు, ఉల్లిపాయ, బంగాళాదుంప ప్రయోగాలు వద్దే వద్దు. పాత చిత్రాలను బాగుచేసే అనుభవమున్న నిపుణుడికే (కన్సర్వేటర్) ఇవ్వండి. వార్నిష్‌ను మొత్తం గీకేయకుండా పలచన చేయమని అడగండి. తుడిచి చూసే పరీక్ష ఫ్రేము కింద దాగే అంచు దగ్గర మొదలవ్వాలి, నీటిమీది వెన్నెల దారి చివరికి రావాలి.