లగ్జరీ సెరిఫ్ ఫాంట్లు కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

నగల కేటలాగులు, పెళ్లి పత్రికలు, మ్యాగజైన్ పేజీలు చేసేవాళ్లందరికీ చెప్తున్నా, జాగ్రత్త. బొడోనీ, డిడో తరహా సెరిఫ్ ఫాంట్లు (అక్షరాల కొసలకు చిన్న గీతలుండేవి) తెలుసుగా, లావు గీత బాగా లావుగా, సన్న గీత వెంట్రుకంత సన్నగా ఉండే రకం. పోయిన నెల ఒక ఆన్‌లైన్ ఫాంట్ల షాపులో అలాంటిదొకటి 2,600 రూపాయలు పెట్టి కొన్నాను. ప్రివ్యూ చూస్తే కళ్లు తిప్పుకోలేం. హెడ్డింగులకీ, చిన్న మ్యాటర్‌కీ కూడా పనికొస్తుందని పేజీలో స్పష్టంగా రాశారు.

విజయవాడలో ఒక నగల షాపు కేటలాగ్‌కి వాడాను. హెడ్డింగులు అద్భుతంగా వచ్చాయి. నగల బరువులు మాత్రం 7 పాయింట్ల చిన్న సైజులో, నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లగా రివర్స్ వేశాను. ప్రెస్‌లో మొదటి షీటు దిగింది. ఈ ఫాంటులో 4 అంకెకు నిలువు గీత ఒక్కటే లావు, ఏటవాలు గీతా అడ్డగీతా రెండూ వెంట్రుకలే. ఇంకు వచ్చి ఆ రెండింటినీ పూడ్చేసింది. 24.350 గ్రాముల హారం 21.350 అని కనిపిస్తోంది! భూతద్దం పెడితే తప్ప అది 4 అని తెలియడం లేదు. బంగారం బరువు తప్పు పడితే ఆ షాపాయన పరువేం కాను? వెంటనే మెషీన్ ఆపించాను. రెండోసారి ప్లేట్ల ఖర్చు నామీదే పడింది.

ఇది ఆ శైలి తప్పు కాదు. 1990ల మొదట్లో హార్పర్స్ బజార్ ఫ్యాషన్ పత్రిక కోసం ఫాంట్ డిజైనర్ జొనాథన్ హెఫ్లర్ గీసిన డిడోలో 6 పాయింట్ల నుంచి 96 దాకా ఏడు సైజులకు విడివిడిగా అక్షరాలున్నాయి. చిన్న సైజులో సన్న గీతను కొంచెం మందంగా గీస్తేనే ప్రింట్‌లో నిలుస్తుంది. నాకు అంటగట్టింది పెద్ద సైజు అక్షరాలు ఒక్కటే.

రూపాయి గుర్తు కూడా లేదు. 2010లో వచ్చిన గుర్తది, ఇప్పటికీ ఆ చోట ఖాళీ డబ్బానే వస్తోంది! లైసెన్సు ఒక్క కంప్యూటర్‌కే, లోగోకి వాడితే వేరే డబ్బు కట్టాలట. డౌన్‌లోడ్ చేశారు కాబట్టి రీఫండ్ ఇవ్వం అన్నారు.

కొనేముందు ట్రయల్ ఫైలు అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. వాళ్లు చూపించే మాటలు కాదు, మీ మ్యాటర్ టైప్ చేయండి. 4, 7, రూపాయి గుర్తు తప్పకుండా చూడండి. రివర్స్ వేసేదుంటే అసలు సైజులోనే ఒక షీటు ప్రింట్ తీయించండి, స్క్రీన్‌ని నమ్మొద్దు.

బొడోనీ మోడా అని ఉచితంగా దొరుకుతుంది, కమర్షియల్ పనికీ వాడుకోవచ్చు. దాంట్లో 6 నుంచి 96 పాయింట్ల దాకా సైజుకు తగ్గట్టు గీతల మందం మార్చుకోవచ్చు. బరువులన్నీ దాంట్లోకి మార్చి, రివర్స్ తీసేసి తెల్ల కాగితం మీద నల్లగా వేయించాను. ఇప్పుడు 24.350 అని చక్కగా చదవొస్తోంది.