నెల్లూరు నుంచి ఢిల్లీ: రైలా, చెన్నై ఫ్లైటా?

చెన్నై నుంచి ఢిల్లీకి గాలిలో సుమారు 1,760 కిలోమీటర్లు, మూడు గంటల లోపే. ఇది విని మావాళ్లు పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఢిల్లీలో ఉంటామనుకుంటారు. అసలు లెక్క వేరు.

ఫ్లైట్: నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు. సూళ్లూరుపేట, తడ దాటడం సులువే. కానీ మనం ఉత్తరాన దిగుతాం, ఎయిర్‌పోర్టు ఉన్న మీనంబాక్కం దక్షిణాన! ట్రాఫిక్‌తో కలిపి నాలుగు గంటలు, రెండు గంటల ముందు రిపోర్టింగ్, దిగాక సామాను, ట్యాక్సీ. మొత్తం పది గంటలు.

రైలు: గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నెల్లూరులోనే ఎక్కొచ్చు. సుమారు 2,000 కిలోమీటర్లు, 30 గంటల పైనే.

ఖర్చు: స్లీపర్ వెయ్యి లోపే. ఫ్లైట్‌కి టికెట్‌తో పాటు చెన్నై కారు బాడుగ కూడా కలుపుకోవాలి.

సామాను: ఫ్లైట్‌లో మామూలుగా 15 కిలోలు. ఆవకాయ జాడీ చేతిసంచిలో పెడితే చెకింగ్‌లో ఆపేస్తారు. రైల్లో ఆ టెన్షన్ లేదు.

డిసెంబరు, జనవరి పొగమంచుకు రెండూ ఆలస్యమే.

ఇంటర్వ్యూ, ఆసుపత్రి పని, సెలవు తక్కువ అయితే ఫ్లైట్. పిల్లలు, పెద్ద కుటుంబం, నెల ముందే తేదీ ఖరారైతే రైలు. నేనైతే వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు ఫ్లైట్.