జాగ్రత్త: "ఒరిజినల్ కంట్రీ హిట్స్" అని అమ్ముతున్న ఆ సీడీ సెట్ కొనకండి

కోపం ఇంకా తగ్గలేదు, రాత్రంతా నిద్ర లేదు. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో వారాంతపు సంతలో స్టాల్ పెట్టి, ఆన్‌లైన్‌లోనూ పాత రికార్డులు, సీడీలు అమ్మే ఆయన ఉన్నాడు కదా, పేరు రాయను, అక్కడ కొన్నవాళ్లకి అర్థమవుతుంది. ఆయన దగ్గర 1950, 60ల కంట్రీ పాటల (ఇక్కడి పల్లె పాటల్లోంచి పుట్టిన సంగీతం) సెట్ 64 డాలర్లు పెట్టి కొన్నాను. అట్ట మీద ఆనాటి పేరున్న కంట్రీ సింగర్లు జానీ క్యాష్, ప్యాట్సీ క్లైన్ ఫొటోలు. పైన పెద్ద అక్షరాలతో "ఒరిజినల్ హిట్స్, ఒరిజినల్ సింగర్స్".

కొన్నది నాకోసం కాదు. మా పక్కింటి పెద్దాయన 80వ పుట్టినరోజుకి. మేం టెనెసీ వచ్చిన కొత్తలో నాకు ఈ పాటలు అలవాటు చేసింది ఆయనే. చిన్నప్పుడు వాళ్ల నాన్న వెంట నాష్‌విల్ రైమన్ ఆడిటోరియంకి వెళ్లి, రేడియోలో వచ్చే కంట్రీ పాటల కచేరీ గ్రాండ్ ఓల్ ఆప్రీ చూసిన మనిషి. 1974లో ఆప్రీ అక్కణ్ణుంచి కొత్త హాలుకి మారిన సంగతి ఇప్పటికీ సొంతిల్లు అమ్ముకున్నట్టే చెబుతారు.

కేకు కోశాక మొదట జానీ క్యాష్ పాట 'ఐ వాక్ ద లైన్' పెట్టాను. 1956లో సన్ రికార్డ్స్ వాళ్లు విడుదల చేసిన ఆ పాటలో డ్రమ్స్ ఉండవు. గిటారు తీగల మధ్య కాగితం ముక్క దూర్చి క్యాష్ వాయించిన 'చిక్ చిక్' చప్పుడే దానికి తాళం. పెద్దాయన ఒకసారి డాలర్ నోటు మడిచి తన గిటారుకి దోపి నాకు చూపించారు కూడా. నిన్న మాత్రం ప్లేయర్ ఆన్ చేయగానే డ్రమ్స్ మోగాయి. గొంతు క్యాష్‌దే, కానీ బాగా వయసు మీరిన గొంతు. పెద్దాయన కేకు ప్లేటు కింద పెట్టి, "ఇది అది కాదు" అన్నారు మెల్లగా.

సరే అని 'క్రేజీ' పెట్టాను. విల్లీ నెల్సన్ రాసిన పాట. 1961లో కారు ప్రమాదంలో పక్కటెముకలు దెబ్బతిని, పై స్వరాలు అందక ఆగిపోయి, మళ్లీ స్టూడియోకి వచ్చి ప్యాట్సీ క్లైన్ పాడిన పాట. ఒక్కసారి విన్నా ఆ గొంతు మర్చిపోలేం. ఇందులో ఉన్నది ఆవిడ గొంతే కాదు! ఎవరో తెలియదు. నేను నొచ్చుకుంటానని పెద్దాయన "బాగానే ఉంది, ఉండనీ" అన్నారు. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది.

బయటికొచ్చి అమ్మినవాడికి ఫోన్ చేశాను. "సింగర్ అదే, పాట అదే, ఇంకేం కావాలి? మళ్లీ రికార్డు చేసినవని వెనక రాసే ఉంది" అన్నాడు. తిప్పి చూస్తే నిజమే, బార్‌కోడ్ కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. "ప్యాట్సీ క్లైన్ 1963 మార్చిలో విమాన ప్రమాదంలో చనిపోయారు. ఆవిడ మళ్లీ ఎప్పుడు పాడారు?" అని అడిగాను. కాసేపు మాట లేదు. తర్వాత, "అసలు మీరెక్కడివాళ్లు? ఈ పాటలతో మీకేం పని?" అని ఫోన్ పెట్టేశాడు.

రాత్రంతా చెవిలో ఆ మాటే. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకి.

సింగర్లని తప్పుపట్టడం లేదు. హిట్ అయిన అసలు రికార్డింగు మీద హక్కు చాలావరకు కంపెనీదే. అందుకే చాలామంది పెద్ద వయసులో వేరే కంపెనీలకి అవే పాటలు మళ్లీ పాడారు, అది వాళ్ల బతుకుతెరువు. చవగ్గా దొరికే ఆ రెండో రికార్డింగుల్ని తెచ్చి, పాత ఫొటో అంటించి "ఒరిజినల్" అని అమ్మడమే మోసం. ఘంటసాల పాటలని ఇంటికి తెచ్చిన క్యాసెట్లో ఇంకెవరో పాడుతుంటే ఎలా ఉంటుంది? అంతే ఇది. పదేళ్లుగా ఈ పాటలు వింటున్న నేను ఫొటో చూసి, పెట్టె తిప్పకుండా డబ్బు కట్టడం నా తప్పే. అదీ బాధ.

కొనేముందు వెనక "రీ-రికార్డెడ్" అన్న మాట ఉందేమో వెతకండి. రికార్డింగు సంవత్సరం, డెక్కా, కొలంబియా, సన్ లాంటి అసలు రికార్డు కంపెనీ పేరు లేకపోతే వదిలేయండి. జర్మనీ కంపెనీ బేర్ ఫ్యామిలీ వాళ్ల సెట్లు ఖరీదెక్కువే, కానీ ఏ పాట ఏ రోజు రికార్డు చేశారో పుస్తకంలో రాసిస్తారు. క్రెడిట్ కార్డుతోనే కట్టండి. నేను పొద్దున్నే ఆ డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టాను.

ఇంకొక్క మాట. 'ఐ వాక్ ద లైన్' సన్ వాళ్ల పసుపు లేబుల్ 45 (నిమిషానికి 45 సార్లు తిరిగే చిన్న) రికార్డు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, గీతలు పడినదైనా సరే, నాకు చెప్పండి. పెద్దాయన ప్లేయర్ ఇంకా పనిచేస్తోంది.