‘0 కేబీ బ్యాడ్ సెక్టర్లు’ అన్న ఫోటో చూసి పాత హార్డ్ డిస్క్ కొనకండి

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో నాకొక చిన్న డీటీపీ సెంటరు ఉంది. శుభలేఖలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, కరపత్రాలు చేసి ఇవ్వడం నా వృత్తి. గత వేసవిలో, పెళ్లిళ్ల పనుల రద్దీ నడుమ, పాత ఫైళ్లన్నీ ఒకచోట దాచుకుందామని పట్టణంలోని ఒక కంప్యూటర్ దుకాణంలో 1 టీబీ సెకండ్‌హ్యాండ్ హార్డ్ డిస్క్‌ను 1,400 రూపాయలకు కొన్నాను. అది బాగుందనడానికి రుజువుగా దుకాణదారు ఒక ఫోటో చూపించారు. ఆజ్ఞలు కొట్టే నల్లటి కమాండ్ ప్రాంప్ట్ తెర మీద, డిస్క్‌ను తనిఖీ చేసే విండోస్ పనిముట్టు చెక్‌డిస్క్ నడిపిన ఫలితం, అందులో బ్యాడ్ సెక్టర్లలో, అంటే పాడైపోయి చదవడానికి వీలుకాని చిన్న భాగాల్లో, 0 కేబీ అన్న వరుస ఉన్నాయి. ఆ వరుసను నమ్మి మోసపోయాను కనుక, దాని అసలు అర్థమేమిటో కొనబోయేవారి కోసం వివరంగా రాస్తున్నాను.

కమాండ్ ప్రాంప్ట్‌లో చెక్‌డిస్క్ ఆజ్ఞగా సీ, హెచ్, కే, డీ, ఎస్, కే అనే ఆరు అక్షరాలు, వాటి పక్కన డ్రైవ్ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కితే, ఏ ఫైలు ఎక్కడ ఉందో విండోస్ రాసుకున్న లెక్కలను చదివి తేడాలుంటే చెబుతుందే తప్ప దేనినీ సరిచేయదు. స్లాష్ ఎఫ్ చేర్చినప్పుడు ఆ లెక్కలను సరిదిద్దుతుంది. స్లాష్ ఆర్ చేర్చినప్పుడు మాత్రమే డిస్క్ ఉపరితలమంతా చదివి, పాడైన సెక్టర్లను వెతుకుతుంది. మొదటి రెండు పద్ధతుల్లో కనిపించే బ్యాడ్ సెక్టర్ల అంకె అంతకుముందే పాడైనవిగా నమోదైన భాగాల మొత్తం మాత్రమే; క్విక్ ఫార్మాట్, అంటే డిస్క్‌ను పరీక్షించకుండా పైపైన ఖాళీ చేయడం, చేయగానే ఆ నమోదు చెరిగిపోతుంది కనుక అక్కడ సున్నా కాక మరేమి కనిపిస్తుంది? అడంగల్‌లో పేరు సరిగ్గా ఉన్నంత మాత్రాన గట్టు తెగిన పొలంలో నీరు నిలవదు కదా.

‘రెండు నిమిషాల్లో టెస్టు చేసేశాం’ అని దుకాణదారు చెప్పిన మాటలోనే అసలు సంగతి ఉన్నదని నాకు తరువాత తెలిసింది. సెకనుకు 100 ఎంబీ చొప్పున చదివినా 1 టీబీ మొత్తం చదవడానికి దాదాపు 2 గంటల 45 నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల్లో అయ్యేది లెక్కల పరీక్షే గాని డిస్క్ పరీక్ష కాదు.

నెలన్నర తిరగకముందే ఫైళ్లు తెరుచుకోవడం మందగించింది. కాపీ చేయబోతే సైక్లిక్ రిడండెన్సీ చెక్ అనే ఎర్రర్, అంటే డేటాను సరిగ్గా చదవలేకపోతున్నానన్న సూచన, రాసాగింది. డిస్క్‌ను తిరిగి అదే దుకాణానికి పట్టుకెళ్లాను. అక్కడి కుర్రవాడు, ‘ఏం పర్లేదండి మాస్టారూ, రాత్రికి పెట్టేస్తే పొద్దున్నకి సెట్టయిపోద్ది’ అని, ముందుగా డేటాను మరొక డిస్క్‌లోకి తీయకుండానే నేరుగా స్లాష్ ఆర్ నడిపించాడు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ చేత రాత్రంతా చదివించడమే ప్రమాదం. పైగా చదవలేకపోయిన ముక్కలను ఈ పనిముట్టు తిరిగి సృష్టించలేదు, వాటిని పాడైనవిగా గుర్తించి పక్కన పెడుతుంది. తెల్లవారేసరికి నా ఫోల్డర్లలో సగానికి పైగా మాయమై, ఫౌండ్ చుక్క మూడు సున్నాలు అనే ఒకే ఫోల్డరులో ఫైల్ అనే మాట, అంకెలు, చివర సీహెచ్‌కే అన్న పేర్లతో వందలాది ముక్కలు మిగిలాయి. దీనికి 500 రూపాయలు తీసుకున్నారు. నా పాత కంప్యూటరులోని ఫైళ్లను కాపీ చేయకుండా కట్ చేసి ఈ డిస్క్‌లోకి తరలించడం మాత్రం పూర్తిగా నా అవివేకమే.

ఆ ముక్కల చివర పేరు మార్చి పీఎండీ అని పెడితే కొన్ని, మేము పేజీలు కూర్చే ప్రోగ్రాం పేజ్‌మేకర్‌లో తెరుచుకున్నాయి. అయితే డీటీపీలో వాడే అను ఫాంట్లతో కొట్టిన పాఠం, కంప్యూటర్లన్నీ తెలుగుగా గుర్తించే యూనికోడ్ పద్ధతిలో ఉండదు కనుక, పెళ్లికొడుకు పేరు తెలుగులో కొట్టి వెతికితే ఏ ఫైలూ దొరకదు. ఒక్కొక్కటీ తెరిచి కళ్లతో చూడవలసిందే.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే స్మార్ట్ అనే పద్ధతిలో లెక్క రాసుకుంటుంది, దానిని క్విక్ ఫార్మాట్ చెరపలేదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో 05 అన్న వరుస పాడైనందున మార్పిడి చేసిన సెక్టర్లను, సీ5 అన్న వరుస అనుమానాస్పదంగా ఉన్నవాటిని చూపుతాయి. అక్కడి రా విలువలు, అంటే అసలు లెక్కలు, మామూలుగా హెక్సాలో (పదహారు ఆధారంగా ఉండే అంకెల పద్ధతిలో) కనబడతాయి కనుక దశాంశానికి మార్చుకొని చదవండి. ఈ రెంటిలో ఏది సున్నా కాకపోయినా కొనకండి. నా డిస్క్‌లో రెండూ వందల్లో ఉన్నాయి. నడిచిన గంటలు 31,000 దాటాయి, అంటే ఆపకుండా మూడున్నరేళ్లు. బహుశా సీసీ కెమెరాల రికార్డరు నుంచి పీకినదేమోనని నా అనుమానం. ఖాళీ డిస్క్ మీద స్లాష్ ఆర్ నడిపించడంలో పోయేదేమీ లేదు. పైకం ఇచ్చేముందే మీ ఎదుట నడిపించమనండి, మూడు గంటలు కూర్చోవలసి వచ్చినా సరే. డేటా ఉన్న డిస్క్ మొరాయిస్తే మాత్రం వెంటనే తీసేసి, లినక్స్‌లో పనిచేసే డీడీరెస్క్యూ వంటి పనిముట్టుతో ముందు నకలు తీయించుకోండి. అది బాగున్న భాగాలను మొదట చదివి, పాడైనవాటి దగ్గరకు చివర వస్తుంది.

సీరియల్ నంబరుతో పక్కా బిల్లు అడగడం మరవకండి. నాకిచ్చింది కచ్చా చీటీ, దాని మీద ‘హెచ్‌డీడీ 1’ అని తప్ప ఏమీ లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయవచ్చు; 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు, గడువు రెండేళ్లు. కానీ ఆ చీటీతో ఈ డిస్క్ వారు అమ్మినదేనని నిరూపించడం నాకు కష్టమే.

మొన్న శనివారం అటువైపు వెళ్లినప్పుడు చూశాను. అదే ఫోటోను పెద్దదిగా ప్రింటు తీసి షోకేసు అద్దానికి అతికించారు. 0 కేబీ అన్న చోట కింద ఎర్ర ఇంకుతో గీత కూడా గీశారు.