రిపేరుకిస్తే 78 ప్యారిస్ రీడ్లూ మార్చేశారు. పాత హార్మోనియం ఉన్నవాళ్లు జాగ్రత్త

పెట్టె నిన్న సాయంత్రమే ఇంటికొచ్చింది. కోపం తగ్గాక రాద్దామంటే తగ్గేలా లేదు. దుకాణం పేరు రాయను. పద్యనాటకాలకు, భజనలకు వాయించేవాళ్లలో చాలామంది వెళ్లే చోటే.

39 మెట్ల చేతిపెట్టె. బాస్ (కింది స్థాయి), మేల్ (పై స్థాయి) రెండు వరసలు, మొత్తం 78 ప్యారిస్ రీడ్లు. రీడు అంటే పలకకు బిగించిన ఇత్తడి నాలుక, గాలికి కంపించి పలుకుతుంది. ప్యారిస్ రీడ్లంటే ఫ్రాన్సులో చేసిన పాతవి. నేనిచ్చిన పని మూడే మూడు: తిత్తి మడతల్లో చిరిగిన తోలు, బిగువు పోయిన నాలుగు స్ప్రింగులు, బాస్‌లో గరగరమంటున్న ఒక్క రీడు.

తెచ్చి మంద్ర పంచమం పట్టగానే అనుమానమొచ్చింది. ఆ గుండ్రటి నాదం లేదు. ట్యూనర్ పెడితే ప్రతి మెట్టూ సరిగ్గా 440 లెక్కకు (‘ఎ’ స్వరానికి సెకనుకు 440 కంపనాలు) కూర్చుంది. ఫ్రాన్సులో 1859లో ‘ఎ’ స్వరాన్ని 435గా ఖాయం చేశారు, పాతకాలంలో అక్కడ అదే లెక్క. 440తో పోలిస్తే అది సుమారు 20 సెంట్లు తక్కువ (అరస్వరంలో నూరో వంతు ఒక సెంటు). నా పెట్టె రీడ్లు అన్నీ ఆ దిగువనే ఉండేవి, మెట్టుమెట్టుకీ రాసుకున్న కాగితం ఉంది. వెంటనే రీడుబోర్డు, అంటే రీడ్లు బిగించిన చెక్క, విప్పాను. అన్నీ కొత్త ఇత్తడి రీడ్లు. గీత తల స్క్రూలు పోయి స్టార్ తలవి వచ్చాయి. పాత బెజ్జాల్లో అగ్గిపుల్లలు విరిచి కూరారు.

ఫోన్ చేసి పాత రీడ్లు ఏవండీ అనడిగితే వచ్చిన జవాబు ఇది: “చిలుము పట్టిన ఇత్తడి సార్, ఏం చేసుకుంటారు? తూకానికి వేసేశాం. మొత్తం సెట్టు కొత్తది వేశాం, దానికి మీరే ఇంకా ఇవ్వాలి.”

తూకానికి! ప్యారిస్ రీడు విలువ తెలియని హార్మోనియం పనివాడు ఉంటాడా? ఆ మాట అన్నప్పుడు గొంతులో చిన్న తడబాటు కూడా లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

అసలు ఆ గరగరకు రీడు మార్చే పనే లేదు. చాలాసార్లు నాలుకకూ పలక గాడికీ మధ్య దుమ్మో నూలుపోగో ఇరుక్కుంటుంది. పలుచని కాగితం నాలుక కింద దూర్చి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. అప్పటికీ పోకపోతే నాలుక పక్కకు జరిగి గాడి అంచును రాసుకుంటోందన్నమాట. వెలుగుకు ఎత్తి చూస్తే రెండు పక్కలా సన్నటి వెలుగుగీత సమానంగా కనబడాలి. లేకపోతే రివెట్టు దగ్గర వెంట్రుకవాసి తిప్పాలి, అంతే. నాలుక కొస పలక మీద మరీ అణిగి ఉంటే గట్టిగా గాలి కొట్టినప్పుడు రీడు మూగబోతుంది. మరీ లేచి ఉంటే ఆలస్యంగా పలుకుతుంది. ఇదంతా ఓపికతో చేసే పని. ఆకురాయి పట్టే పని కాదు. శ్రుతి పెంచడానికి నాలుక కొసన, తగ్గించడానికి రివెట్టు వైపు మొదలు దగ్గర గీకుతారు. మొదలు దగ్గర ఎక్కువ గీకిన రీడు ఎప్పుడో ఒకరోజు పుటుక్కున విరుగుతుంది.

కొత్త రీడ్లతో చిక్కు నాదం ఒక్కటే కాదు. వీటిలో నాలుకకూ గాడికీ మధ్య సందు ఎక్కువ. గాలి వృథాగా పోతుంది, తిత్తి ఎంత కొట్టినా చాలదు. పద్యం చివర రాగం సాగదీసినప్పుడు బాస్ నీరసపడితే పాడేవాళ్లు ఎక్కడ నిలబడతారు? పైగా పాత బోర్డు గదులు పాత పలకల కొలతకు తొలిచినవి. కొత్త పలకలు వాటి మీద సరిగ్గా కూర్చోక అంచుల్లోంచి గాలి కారుతోంది. దాన్ని మూయడానికి రబ్బరు జిగురు పూశారు. తిత్తి తోలుకూ అదే. సరేసుతో (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే పాతకాలపు జిగురు) అంటిస్తే రేపు గోరువెచ్చని తడి తగిలించి విప్పుకోవచ్చు. ఈ జిగురు విప్పబోతే కర్ర పేళ్లు లేస్తాయి. అంటే పాత రీడ్లు దొరికినా బోర్డును మళ్లీ చిత్రిక పట్టించాల్సిందే.

తప్పు నాదీ ఉంది. రీడుబోర్డు ఇంట్లో ఉంచుకుని ఖాళీ పెట్టె ఇవ్వాల్సింది. తోలుకు, స్ప్రింగులకు బోర్డుతో పనేముంది? ఆ ఒక్క రీడూ విడిగా చేయించుకోవాల్సింది. తెలిసి తెలిసీ మొత్తం వాళ్ల చేతిలో పెట్టాను.

మీరు ఇవ్వక తప్పకపోతే బోర్డుకు రెండు వైపులా ఫొటోలు తీయండి, ఒక్కో వరసకు గాలి ఆపే స్టాపర్ మూసి రెండో వరస సెంట్లు రాసుకోండి, రసీదులో రీడ్ల సంఖ్య, రకం రాయించండి. తీసుకునేటప్పుడు అక్కడే విప్పించి చూడండి.

ఇంకొకటి. ఈ రోజుల్లో ఎవరైనా మీకు విడి ప్యారిస్ రీడ్లు, 39 మెట్ల రెండు వరసల సెట్టు అమ్మచూపితే బాస్‌లో ఎడమ నుంచి ఆరో పలక వెనక చూడండి. రివెట్టు పక్కన సూదితో గీసిన రెండు అడ్డగీతలుంటే అవి నావే. కొనకండి, నాకు ఒక్క మాట చెప్పండి.